ప్రస్తుతానికి బ్యాంకులో చేస్తోంది

పోయిన నెల మా చిన్నత్తగారు ఫోన్ చేశారు. మోకాళ్ళ నొప్పులు, మామిడికాయల ధర, మనవడి అన్నప్రాశన అన్నీ అయ్యాక ఆవిడ అలవాటుగా అడిగారు, "మీ పెద్దమ్మాయి ఏం చేస్తోందమ్మా ఇప్పుడు?" అని. నేనూ అలవాటుగానే చెప్పాను, "ప్రస్తుతానికి బ్యాంకులో చేస్తోందండీ" అని.

ఆ రోజు రెండో శనివారం. మా అమ్మాయి ఇంట్లోనే ఉంది, హాల్లో కూర్చుని ఆరిన బట్టలు మడతపెడుతోంది. నేను ఫోన్ పెట్టేశాక తల ఎత్తకుండానే అంది, "అమ్మా, నేను చేరి నాలుగేళ్ళు దాటింది. ఇంకా ప్రస్తుతానికేనా?"

ఏదో సర్ది చెప్పాను. ఏం చెప్పానో గుర్తు లేదు. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నాలుగేళ్ళుగా చుట్టాలకి, ఇరుగుపొరుగుకి, పెళ్ళి సంబంధాల వాళ్ళకి, చివరికి కూరగాయలమ్మే అమ్మకి కూడా నేను అదే మాట చెబుతున్నాను. ఎందుకు చెబుతున్నానో ఆలోచిస్తే వచ్చిన జవాబు నాకే నచ్చలేదు. అదే ఇక్కడ రాస్తున్నాను. మీలో చాలామంది ఇళ్ళల్లో ఈ మాట తిరుగుతూ ఉంటుందని నా అనుమానం.

మాది సూళ్ళూరుపేట. ఈ ఊరి పిల్లలకి కలలు వేరేగా ఉండవు. పొద్దున్నే షార్ బస్సులు వరసగా మెయిన్ రోడ్డు మీద పోతాయి, పులికాట్ మీదుగా శ్రీహరికోటకి. సాయంత్రం అదే వరసలో వెనక్కొస్తాయి. ఊళ్ళో ఇల్లు అద్దెకి ఇచ్చేవాళ్ళు ముందు "షార్‌లో చేస్తారా?" అని అడుగుతారు. ప్రయోగానికి ముందు ఇస్రో పెద్దలు మా చెంగాళమ్మ గుడికొచ్చి దండం పెట్టుకుని వెళ్తారు, అది టీవీలో వస్తే మా అత్తగారు తన ఇంటికి చుట్టాలొచ్చినంత సంబరపడేది. రాకెట్ పోయేటప్పుడు మేమంతా మిద్దెలెక్కుతాం. ముందు వెలుగు కనిపిస్తుంది. చప్పుడు దాదాపు నిమిషం తర్వాత వచ్చి కిటికీ అద్దాలు అదురుతాయి. చిన్నపిల్లలు ఆ చప్పుడు కోసం చెవులు మూసుకుని ఎదురుచూస్తారు. చూడ్డానికి బలే ఉంటుంది.

2013 నవంబరు 5న మంగళయాన్ పోయినప్పుడు మా అమ్మాయి పదో తరగతి. మధ్యాహ్నం 2 గంటల 38 నిమిషాలకి. స్కూల్లో అందరినీ గ్రౌండులోకి వదిలారట. మర్నాటి నుంచి ఇంట్లో వేరే మాట లేదు. తరవాతి ఏడాది సెప్టెంబరు 24న అది అంగారకుడి కక్ష్యలోకి చేరినప్పుడు పేపర్లో ఒక ఫోటో వచ్చింది, మీకూ గుర్తుండే ఉంటుంది. పట్టుచీరలు కట్టుకుని, తలలో పూలు పెట్టుకున్న ఆడవాళ్ళు ఒకరినొకరు కావలించుకుని నవ్వుతున్నారు. ఇస్రోలో పనిచేసేవాళ్ళు. ఆ ఫోటో కత్తిరించి బీరువా తలుపు లోపలి వైపు అంటించుకుంది. అది ఇప్పటికీ అక్కడే ఉంది, అంచులు పసుపు రంగుకి తిరిగి.

తరవాత జరిగింది టూకీగా చెబుతాను. తిరువనంతపురంలో ఉన్న ఇస్రో వాళ్ళ కాలేజీ ఐఐఎస్‌టీకి జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకు కావాలి, తన ర్యాంకు చాల్లేదు. ఇక్కడే ఈసీఈ చేసింది. ఇస్రో ఇంజినీరు పోస్టుకి 65 శాతం గానీ 6.84 సీజీపీఏ గానీ ఉండాలి. ఆ 6.84 అన్న అంకె మా ఇంట్లో గ్యాస్ బుకింగ్ నంబరులాగా అందరికీ నోటికొచ్చు. మా వారికైతే లెవెల్ 10, మూలవేతనం 56,100 అని కూడా వచ్చు. ఫైనలియర్‌లో, 2020 మొదట్లో, పరీక్ష రాసింది. ఇంటర్వ్యూకి పిలవలేదు. దేశం మొత్తం మీద ఇంజినీర్లు లక్షల్లో ఉంటే పోస్టులు మూడొందల చిల్లర. పిలవకపోవడంలో వింతేమీ లేదు, కానీ ఆ సంగతి ఇంట్లో కుర్చీలో కూర్చున్న పిల్లకి చెప్పి చూడండి.

రెండు నెలలకి కోవిడ్ వచ్చింది.

ఇక్కడే నేను దాచుకున్న సంగతి ఒకటుంది. ఆ ఏడాది చివర్లో తను మమ్మల్ని ఒకటే అడిగింది. "ఒక్క సంవత్సరం ఇవ్వండి. గేట్ కోచింగ్ తీసుకుని ఎం.టెక్. చేరతాను. అక్కణ్ణుంచి మళ్ళీ ప్రయత్నిస్తాను" అంది. మేము కుదరదన్నాం. కారణాలు ఉన్నాయి. మా వారి షాపు ఆరు నెలలు మూతపడింది. చిన్నవాడి ఇంజినీరింగ్ ఫీజు అదే సంవత్సరం మొదలైంది. అవన్నీ నిజమే. కానీ ఇంకొకటి కూడా నిజం. వాడికి మొదటిసారి మంచి ర్యాంకు రాకపోతే లాంగ్ టర్మ్‌కి పంపించాం. ఒక సంవత్సరం, హాస్టలు, ఫీజు, అన్నీ. అప్పుడు కుదిరింది. ఆడపిల్ల అడిగేసరికి కుదరలేదు. పైగా నేనే అన్నాను, "బ్యాంకు పరీక్షలు రాయి, ఆడపిల్లకి నిలకడైన ఉద్యోగం, సంబంధాలూ బాగా వస్తాయి" అని.

రాసింది. ప్రిలిమ్స్, మెయిన్స్, ఇంటర్వ్యూ, అన్నీ మొదటిసారే దాటింది. 2021లో ఒక ప్రభుత్వ బ్యాంకులో ఆఫీసరుగా చేరింది. ఆర్డరు వచ్చిన రోజు నేను లోపల ఎంత తేలిక పడ్డానో దేవుడికే తెలుసు. పైకి మాత్రం, వచ్చిన వాళ్ళందరికీ స్వీటు పెడుతూ, "దాని మనసంతా ఇస్రో మీదేనండీ, ఇది ప్రస్తుతానికి" అని చెప్పాను.

ఇప్పుడు అర్థమవుతోంది ఆ మాట ఎవరి కోసమో. ఆ ఉద్యోగం తాత్కాలికం అన్నంతకాలం, మేము ఇవ్వని ఆ సంవత్సరం వల్ల ఏమీ పోలేదన్నట్టే. ఇంకా దారి తెరిచే ఉంది, ఇంకా ఎక్కడా ఆగలేదు, కాబట్టి నేనేం తప్పు చేయలేదు. "ప్రస్తుతానికి" అన్నది నా పిల్ల ఉద్యోగం గురించిన మాట కాదు. నా మనసుకి నేను రాసుకున్న లేపనం. అది తన ముఖాన పూస్తూ వచ్చాను, నాలుగేళ్ళు.

2023లో మళ్ళీ పరీక్ష రాసింది. బ్యాంకులో చేస్తూ, రాత్రిళ్ళు చదువుతూ, సెలవులు దాచుకుని. ఈసారీ అందలేదు. ఆ తర్వాత మళ్ళీ నోటిఫికేషన్ పడింది. వయోపరిమితి 28, తనకింకా ఉంది. నేను గుర్తు చేశాను. మా వారు గుర్తు చేశారు. మా తమ్ముడు లింకు పంపాడు. తను అప్లై చేయలేదు. ఆఖరి తేదీ దాటిన రోజు నేను, "అంత కల కన్నదానివి, ఇంత తేలిగ్గా వదిలేశావేం?" అన్నాను. ఆ మాటకి మూడు రోజులు నాతో మాట్లాడలేదు. ఎప్పుడూ అలా చేసే పిల్ల కాదు.

ఈ మధ్యలో చుట్టుపక్కల వాళ్ళ ఓదార్పులు. ఓదార్చే ప్రతి ఒక్కరూ కలాం గారి కథే చెబుతారు. ఆయన ఎయిర్‌ఫోర్స్ పైలట్ కావాలనుకున్నారు, డెహ్రాడూన్‌లో ఇంటర్వ్యూకి వెళ్ళారు, ఎనిమిది మందిని తీసుకుంటే ఈయన తొమ్మిదో వాడయ్యారు. బాధపడి, రిషికేశ్ వెళ్ళి, స్వామి శివానందని కలిసి, తిరిగొచ్చి 1958లో వేరే ప్రభుత్వ ఉద్యోగంలో చేరారు, నెలకి 250 రూపాయల మూలవేతనంతో. కథ ఇక్కడ ఆగదు కదా. ఇదే శ్రీహరికోట నుంచి 1980లో ఎస్‌ఎల్‌వీ-3, తర్వాత రాష్ట్రపతి భవన్. "చూశావా, ఆయనకి పైలట్ ఉద్యోగం రాకపోవడమే మంచిదైంది" అంటారు.

కలాం గారంటే నాకూ గౌరవమే. మా ఇంట్లో ఆయన ఫోటో ఉంది. కానీ ఈ కథ చెప్పే తీరు మీద నాకు పేచీ ఉంది. కోరుకున్న ఉద్యోగం రాకపోతే ఫరవాలేదు, ఎందుకంటే రేపు అంతకన్నా పెద్దది వస్తుంది, అని కదా దాని అర్థం? మరి రాకపోతే? ఎనిమిది మందిలో చోటు దక్కని మిగతావాళ్ళు ఏమయ్యారో ఎవరికైనా తెలుసా? వాళ్ళూ ఎక్కడో ఉద్యోగంలో చేరి ఉంటారు. పొద్దున్నే టిఫిను కట్టుకుని వెళ్ళి, పని సరిగ్గా చేసి, పిల్లల్ని చదివించుకుని, రిటైరై ఉంటారు. వాళ్ళ జీవితం ఓదార్పుకి పనికిరాదా? ఒకదానితో సరిపెట్టుకున్న మనిషి మర్యాదగా కనబడాలంటే చివరికి రాష్ట్రపతి అయి తీరాలా?

మా అమ్మాయి ఎవరికీ ఎదురు చెప్పదు. కానీ ఒకసారి నాతో అంది, "వీళ్ళందరూ నాకు ధైర్యం చెబుతున్నారో, ఇంకో పరీక్ష పెడుతున్నారో తెలియట్లేదమ్మా" అని.

2023 ఆగస్టు 23 సాయంత్రం చంద్రయాన్-3 దిగింది కదా, 6 గంటల 4 నిమిషాలకి. నేను టీవీ ముందు ఉన్నాను. అసోసియేట్ ప్రాజెక్ట్ డైరెక్టర్ కల్పన గారు మాట్లాడుతుంటే నాకు ఏడుపు ఆగలేదు. ఆనందమో దుఃఖమో తెలియని ఏడుపు. అలాగే అమ్మాయికి ఫోన్ చేశాను. అటువైపు ఒకటే గోల. బ్రాంచి మూసే టైములో అందరూ ఒక ఫోను చుట్టూ చేరి చూశారట, అటెండరు పరిగెత్తి వెళ్ళి జాంగ్రీ తెచ్చాడట. నా గొంతు విని, "అమ్మా, దిగిందే! నువ్వెందుకు ఏడుస్తున్నావు?" అంది. దాని గొంతులో బాధ వెతికాను నేను. లేదు. ఉండాలని కోరుకున్నానేమో అని ఇప్పుడు అనుమానం.

తన బ్రాంచి ఒంగోలు దాటాక ఒక పల్లెలో. నేను రెండుసార్లు వెళ్ళాను. మొదటిసారి ఊరికే బయట బెంచీ మీద కూర్చున్నాను. జూన్ నెల, పంట లోన్ల రెన్యువల్స్. పాసుపుస్తకాలు, అడంగళ్ళు పట్టుకుని రైతులు లైను కట్టారు. సర్వర్ లేదు. అందరూ విసుక్కుంటున్నారు. ఒక డ్వాక్రా సంఘం వాళ్ళు తీర్మానం పుస్తకం తీసుకుని వచ్చారు, ఎనిమిది మంది. లీడరు చీర కొంగులో ఏదో ముడి వేసుకుని ఉంది. మా అమ్మాయి దగ్గరికి వెళ్ళి ఆ ముడి విప్పింది. నల్లపూసల గొలుసు. లోను కావాలంటే తాకట్టు పెట్టాలని ఎవరో చెప్పారట. మా అమ్మాయి కుర్చీలోంచి లేచి, ఆ గొలుసు మళ్ళీ ఆవిడ చేతిలో పెట్టి గుప్పిట మూసింది. "సంఘం లోనుకి పది లక్షల దాకా తాకట్టు అడగకూడదమ్మా. రిజర్వు బ్యాంకు రూలు. ఎవరన్నా అడిగితే నా పేరు చెప్పండి" అంది. ఆ గొంతు నేను ఇంట్లో ఎప్పుడూ వినలేదు.

ఇది చూసి నా కళ్ళు తెరుచుకున్నాయని రాస్తే బాగుంటుంది కానీ, అలా జరగలేదు. ఇంటికొచ్చాక కూడా అదే మాట చెప్పాను అందరికీ. అలవాటు అంత తొందరగా పోదు.

అదేమీ పూలబాట ఉద్యోగమని కూడా అనను. ఇన్సూరెన్స్ పాలసీలు అమ్మమని టార్గెట్లు ఇస్తారు, అది తనకి అసలు నచ్చదు. మార్చి నెలలో ఇంటికి రావడమే ఉండదు. మూడేళ్ళకోసారి బదిలీ భయం. ఒక్కోరోజు ఫోన్లో గొంతు వింటేనే తెలిసిపోతుంది. కానీ ఇస్రోలో ఉద్యోగమైనా రోజూ రాకెట్ పోదు కదా. మా పక్కింటాయన ముప్ఫై ఏళ్ళు షార్‌లో చేశారు. ఆయన భార్యని అడిగితే చెబుతుంది, ఎన్ని పండగలకి ఆయన ఇంట్లో లేడో. దూరాన్నుంచి మనం చూసేది ఆ నిమిషం వెలుగే. ఏ ఉద్యోగంలోనైనా మిగతాదంతా ఫైళ్ళు, సంతకాలు, టీ, పై అధికారి మూడు.

నాకు ఉద్యోగం లేదు. ముప్ఫై ఏళ్ళ నుంచి ఎవరైనా "మీరేం చేస్తారు?" అంటే మా వారు నా బదులు, "ఏం లేదు, ఇంట్లోనే ఉంటుంది" అని చెబుతారు. పాపం ఆయనకి చెడ్డ ఉద్దేశం లేదు. కానీ ఆ "ఏం లేదు" విన్న ప్రతిసారీ నాకు ఎక్కడో గుచ్చుకుంటుంది. పొద్దున అయిదింటికి లేచి చేసిందంతా ఆ రెండు మాటల్లో పోతుంది. అంత తెలిసిన నేను నా కూతురికి అదే చేశాను. ఉద్యోగం చేస్తున్న పిల్లని నిలబెట్టి "ఇది లెక్కలోకి రాదు" అని చెప్పినట్టు.

ఆ బట్టలు మడతపెట్టిన రోజు తర్వాత, మర్నాడు పొద్దున, ధైర్యం చేసి అడిగాను. "ఆ సంవత్సరం మేము ఇచ్చి ఉంటే వచ్చేదంటావా?" అని. కాఫీ తాగుతోంది. కాసేపు ఆలోచించి చెప్పింది. "వచ్చేదో లేదో తెలీదమ్మా. ఇవ్వలేదు, అది నిజం. నాకు చాలా రోజులు కోపం ఉండేది. తమ్ముణ్ణి చూసినప్పుడల్లా ఉండేది. కానీ ఇప్పుడు నాకు ఈ పని వచ్చు. బాగా వచ్చు. మీరు ఇవ్వని దాని కోసం నేను చేసే దాన్ని తక్కువ చెయ్యకు."

నేను క్షమించమని అనలేదు. మన ఇళ్ళల్లో అమ్మలు కూతుళ్ళతో అలా అనరు. ఇంకో ఇడ్లీ వేశాను.

కాబట్టి కూతుళ్ళున్న తల్లులకి నేను చెప్పేది రెండు ముక్కలు. అవి ఒకదానికొకటి ఎదురుగా ఉన్నట్టు అనిపిస్తే నేనేం చేయలేను. పిల్ల ఇంకో సంవత్సరం అడిగితే, "ఆడపిల్లకి ఇది చాలు" అనే ముందు కొడుక్కి ఎన్ని సంవత్సరాలు ఇచ్చారో లెక్క చూసుకోండి. డబ్బు లేకపోతే లేదని చెప్పండి, తప్పులేదు. లేని డబ్బుకి "నీ మంచికే" అని పేరు పెట్టకండి. పిల్లలకి తేడా తెలుస్తుంది. కానీ తను చాలనుకుని ఆగితే, ఆ ఆగడాన్ని ఓటమి కింద రాయకండి. నేను అన్నట్టు "తేలిగ్గా వదిలేశావు" అనకండి. పన్నెండేళ్ళు మోసిన దాన్ని ఎవరూ తేలిగ్గా దించరు. ఎప్పుడు దించిందో, ఏ రాత్రి దించిందో మనకి చెప్పలేదంతే.

"అయితే కలలు మానేయమంటారా?" అని మా చెల్లెలు అడిగింది ఇది రాస్తానంటే. దానికి ఇద్దరు ఆడపిల్లలు, ఒకతె సివిల్స్ అంటోంది. మానేయమని ఎవరన్నారు? ఆ పిల్ల నిండా చదవాలి, ఉన్న అవకాశాలన్నీ వాడుకోవాలి. కానీ ఆ దారిలో వేరే ఏ ఉద్యోగంలో చేరినా, "గ్రూప్-2 వచ్చింది, కానీ..." అని ఆ "కానీ" దగ్గర ఊపిరి బిగబట్టి కూర్చోవద్దని చెప్పాను. వచ్చింది, అంతే. పేరు చెప్పి ఊరుకోమన్నాను. పిల్ల ప్రయత్నిస్తే ప్రయత్నిస్తుంది. మనం చుట్టాలకి ముందుగా సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు.

మా చెల్లెలికి ఇది పూర్తిగా నచ్చలేదు. "నీకు పిల్ల సెటిలయింది కాబట్టి చెబుతున్నావు" అంది. అయి ఉండొచ్చు.

ఈ మధ్య ఒక ప్రయోగం ఆదివారం సాయంత్రం పడింది. అమ్మాయి ఇంట్లోనే ఉంది. అందరం మిద్దె ఎక్కాం. ఎదురింట్లోకి కొత్తగా అద్దెకొచ్చినావిడ వాళ్ళ మిద్దె మీంచి పలకరించింది. "మీ అమ్మాయాండీ? ఏం చేస్తోంది?" అని. నోటి దాకా వచ్చింది ఆ మాట. అమ్మాయి నా వైపు చూడను కూడా లేదు, ఫోన్లో కెమెరా సరిచేసుకుంటోంది. "బ్యాంకులో ఆఫీసరండీ" అన్నాను. ఆవిడ వెంటనే పిట్టగోడ మీదకి వంగి, "అవునామ్మా? బంగారం మీద గ్రాముకి ఎంతిస్తున్నారు ఇప్పుడు మీ దాంట్లో?" అని మొదలుపెట్టింది. ఇంతలో చెట్ల మీద వెలుగు లేచింది. మా అమ్మాయి ఒక చేత్తో ఫోను పైకెత్తి, రెండో చెవి మూసుకుని, గ్రాము లెక్క చెబుతూనే ఉంది చప్పుడు వచ్చేదాకా.